ఒకే రిమోటుకు మూడు ఫ్రీక్వెన్సీలు చూపిస్తున్న స్పెక్ట్రమ్ అనలైజర్: దేన్ని నమ్మాలి?

గవర్నర్‌పేట_బెంచి
రెండు రోజులుగా ఒకే లెక్క తేలక నిద్ర పట్టడం లేదు. విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న వర్క్‌షాపు నాది. పొలాల్లో బోరు మోటార్లను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే రిమోట్లు కట్టి ఇస్తుంటాను. ట్రాన్స్‌మిటర్ బోర్డు మీద 433.92 మెగాహెర్ట్జ్ అని అచ్చు వేసి ఉంటుంది. గుంటూరు అవతల ఒక మిర్చి రైతుకు ఇచ్చిన సెట్టు చేను గట్టు మీద నిలబడితే పనిచేస్తోంది, రోడ్డెక్కితే పనిచేయడం లేదు. నిరుడు ఇచ్చిన సెట్లలో ఒక్కదానికీ ఈ ఫిర్యాదు రాలేదు.

తెలిసినవారిని బతిమాలి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో తెర మీద గీసే స్పెక్ట్రమ్ అనలైజర్ తెచ్చుకున్నాను. 300 నుంచి 500 మెగాహెర్ట్జ్ వరకు పెట్టి రిమోటు నొక్కితే మార్కర్ (శిఖరం మీద పెట్టే గుర్తు) 434.000 అంది. స్పాన్ (తెర మీద చూపే మేర) 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే 433.850 అంది. 1 మెగాహెర్ట్జ్ చేస్తే 433.870 అంది. రిమోటు అదే, బ్యాటరీ అదే, బల్ల మీద నుంచి కదపనైనా లేదు. ఐదు నిమిషాల్లో మూడు మాటలు! పరికరం చెడిపోయిందా, నేను వాడే తీరులో తప్పుందా? అసలు ఇది ఫ్రీక్వెన్సీని ఎలా కొలుస్తుంది?

బ్రాడీపేట_కాయిల్
క్యాలిబ్రేషన్ పోయి ఉంటుంది. దాన్ని తిరిగి ఇచ్చేసి ఒక ఫ్రీక్వెన్సీ కౌంటర్ తెచ్చుకోండి. ఒక్క అంకె చూపిస్తుంది, గొడవ ఉండదు.

అరండల్‌పేట_ల్యాబ్
పరికరాన్ని అప్పుడే దోషిని చేయకండి. తెర మీద అడ్డంగా ఎన్ని పాయింట్లు గీస్తోందో సెట్టింగుల్లో ఉంటుంది, చూసి చెప్పండి. మూడుసార్లూ ఆర్‌బీడబ్ల్యూ (రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్, అంటే లోపలి ఫిల్టర్ వెడల్పు) ఎంత ఉందో కూడా.

గవర్నర్‌పేట_బెంచి
పాయింట్లు 401. ఆర్‌బీడబ్ల్యూ ఆటోలో వదిలేశాను. మొదట 1 మెగాహెర్ట్జ్, తర్వాత 100 కిలోహెర్ట్జ్, చివర 10 కిలోహెర్ట్జ్ ఉంది.

అరండల్‌పేట_ల్యాబ్
అయితే మీ అనలైజర్ మూడుసార్లూ నిజమే చెప్పింది. లెక్క చూడండి.

401 పాయింట్లంటే వాటి మధ్య 400 సందులు. స్పాన్ 200 మెగాహెర్ట్జ్ అయినప్పుడు ఒక్కో అడుగు అర మెగాహెర్ట్జ్. మార్కర్ నిలబడడానికి 433.5, 434.0 అనే రెండు మెట్లే ఉన్నాయి, మధ్యలో చోటు లేదు. సిగ్నల్ 434కు దగ్గర కాబట్టి అక్కడ నిలబడింది. స్పాన్ 20 అయినప్పుడు అడుగు 50 కిలోహెర్ట్జ్, అంటే 433.85 లేదా 433.90. ఈసారి 433.85 దగ్గర. స్పాన్ 1 మెగాహెర్ట్జ్ అయినప్పుడు అడుగు 2.5 కిలోహెర్ట్జ్, అందుకే 433.870. మూడింటినీ కలిపి చదివితే అసలు సిగ్నల్ 433.870కి ఒకటింపావు కిలోహెర్ట్జ్ అటో ఇటో ఉందని తేలుతుంది. మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి.

ఇక్కడ మిమ్మల్ని కలవరపెట్టాల్సింది వేరే ఉంది. బోర్డు మీద 433.92 అని రాసి ఉంటే వస్తున్నది 433.87. ఆ 50 కిలోహెర్ట్జ్ ఎక్కడికి పోయింది? దాని సంగతి తర్వాత చూద్దాం.

మూడో_ఏడు_ఈసీఈ
మేడమ్, మార్కర్ పాయింట్ల మీదే నిలబడుతుందని మాకు ల్యాబులో ఎవరూ చెప్పలేదు. 434.000 అని మూడు సున్నాలు కనిపిస్తే కిలోహెర్ట్జ్ వరకు కచ్చితమనే అనుకుంటాం.

అరండల్‌పేట_ల్యాబ్
తెర ఎన్ని అంకెలైనా రాయగలదు. వాటిలో ఎన్ని సిగ్నల్ నుంచి వచ్చినవో స్పాన్‌ను పాయింట్లతో భాగిస్తే తెలుస్తుంది. మార్కర్ అంకె నోటుబుక్కులోకి ఎక్కించే ముందు ఆ భాగహారం చేసి తీరాలి.

పాతరేడియో
నలభై ఏళ్లు వాల్వు సెట్ల నుంచి ట్రాన్సిస్టర్ల దాకా బాగుచేసినవాణ్ని. గవర్నర్‌పేట తమ్ముడు అసలు అడిగిన ప్రశ్న ఇది ఎలా కొలుస్తుందని. దానికి జవాబు ఇంకా రాలేదు కాబట్టి రాస్తున్నాను.

మీ బల్ల మీద ఉన్నది తనంతట తాను ట్యూన్ చేసుకునే రేడియో. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. మీరు ముల్లును అక్కడికి తిప్పినప్పుడు సెట్టు లోపల సొంతంగా తరంగం పుట్టించే లోకల్ ఆసిలేటర్ 1292 కిలోహెర్ట్జ్‌కు చేరుతుంది. మిక్సర్‌లో ఆ రెండూ కలిస్తే తేడా 455 వస్తుంది. ఐ.ఎఫ్. (మధ్యంతర ఫ్రీక్వెన్సీ) కాయిళ్లు ఆ 455ను మాత్రమే దాటనిస్తాయి. స్టేషను మారినా కాయిళ్లు మారవు, ఆసిలేటర్ మారుతుంది. కాయిళ్లు దాటి ఏదైనా వచ్చిందంటే, ఆసిలేటర్ ఎక్కడుందో చూసి అందులోంచి 455 తీసేస్తే స్టేషను ఎక్కడుందో తెలిసిపోతుంది.

అనలైజర్‌లో ముల్లు తిప్పే చేతికి బదులు రంపపు పన్నులా పెరిగే వోల్టేజి ఉంటుంది. అదే వోల్టేజి ఒకవైపు ఆసిలేటర్‌ను పైకి తోస్తుంది, మరోవైపు తెర మీద చుక్కను ఎడమ నుంచి కుడికి నడిపిస్తుంది. ఫిల్టర్ దాటి ఎంత బలం వస్తే చుక్క అంత పైకి లేస్తుంది. కొత్త పరికరాల్లో ఆ వోల్టేజి స్థానంలో సింథసైజర్ అడుగులు వేస్తుంది. ఏర్పాటు మాత్రం అదే. ఇందులో తరంగాలను లెక్కపెట్టే పని ఎక్కడా లేదని గమనించండి. ఆసిలేటర్ ఏ ఊళ్లో ఉన్నప్పుడు ఫిల్టర్ తలుపు చప్పుడైందో, ఆ ఊరి పేరే తెర మీద రాస్తుంది.

వీయూ3_కృష్ణాతీరం
పాతరేడియో గారు చెప్పినదానికి ఒక్క మాట కలపాలి. రేడియోలో ఐ.ఎఫ్. 455 కాబట్టి 1292 ఆసిలేటర్‌తో 837 ఒక్కటే కాదు, 1747 కూడా 455 తేడా ఇస్తుంది. అది ఇమేజ్. రేడియోలో దాన్ని ముందున్న ట్యూన్డ్ కాయిలు ఆపుతుంది. అనలైజర్ మొత్తం బ్యాండును ఒకే ఊపులో తుడవాలి, ముందు కాయిలు ట్యూన్ చేస్తూ కూర్చోలేదు. అందుకని మొదటి ఐ.ఎఫ్.నే కొలవాల్సిన ఫ్రీక్వెన్సీలన్నింటికీ పైన పెడతారు. ఉదాహరణకు 3 గిగాహెర్ట్జ్ వరకు చూసే పరికరంలో ఐ.ఎఫ్. 3.9 గిగాహెర్ట్జ్ అనుకోండి. ఆసిలేటర్ 3.9 నుంచి 6.9 వరకు నడుస్తుంది. ఈ రిమోటు కనిపించాలంటే అది 4333.87 మెగాహెర్ట్జ్‌కు చేరాలి. అక్కడ ఇమేజ్ 8233.87 దగ్గర పడుతుంది. అంత పైన ఉన్నదాన్ని ముఖద్వారంలో కింది ఫ్రీక్వెన్సీలనే దాటనిచ్చే ఒక లోపాస్ ఫిల్టర్ నిశ్చింతగా ఆపేస్తుంది. నాకు ఈ ఏర్పాటు అర్థమైన రోజు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

మూడో_ఏడు_ఈసీఈ
ఇప్పుడు అర్థమవుతోంది. మొదటిసారి అనలైజర్ ఆన్ చేసినప్పుడు ఏమీ తగిలించకుండానే సున్నా హెర్ట్జ్ దగ్గర తాటిచెట్టంత సిగ్నల్ కనిపించింది. ఫ్యాను ఆపాం, ట్యూబులైట్లు ఆపాం, పోలేదు. అది లోపలి ఆసిలేటరేనా?

వీయూ3_కృష్ణాతీరం
అదే. ఆసిలేటర్ సరిగ్గా ఐ.ఎఫ్. మీదకు వచ్చినప్పుడు మిక్సర్‌లోంచి నేరుగా కొంత కారుతుంది. ఎడమ చివర ఎప్పుడూ ఉంటుంది. స్వీప్ సున్నా దగ్గర మొదలైందనడానికి గుర్తుగా వాడుకోవచ్చు.

గవర్నర్‌పేట_బెంచి
ఇంకో సందేహం. 1 మెగాహెర్ట్జ్ స్పాన్‌లో చూస్తే సిగ్నల్ సన్నని గీతలా లేదు, గుండ్రటి తల ఉన్న కొండలా ఉంది. మార్కర్‌ను శిఖరం మీద పెట్టానంతే. ఆ కొండ వెడల్పంతా రిమోటు పంపుతున్నదేనా?

గుణదల_మేడమీద
నా కిటికీలోంచి రోజూ గుణదల కొండే కనిపిస్తుంది, కొండల సంగతి నన్ను అడగండి :)

మీరు చూస్తున్న కొండ చాలావరకు ఫిల్టర్‌ది. గుంటూరు నుంచి విజయవాడ రైల్లో వస్తూ కృష్ణా వంతెన దాటడం గుర్తు తెచ్చుకోండి. ఇనుప గర్డరు జానెడు వెడల్పే ఉంటుంది. కిటికీ వెడల్పుగా ఉంటే ఒక చివర కనిపించినప్పటి నుంచి రెండో చివర మాయమయ్యేదాకా అది కళ్ల ముందే ఉంటుంది. ఎంతసేపు కనిపించిందన్నది కిటికీ వెడల్పును బట్టి ఉంటుంది. ఆర్‌బీడబ్ల్యూ ఆ కిటికీ. రెండు గర్డర్లు కిటికీ వెడల్పు కంటే దగ్గరగా ఉంటే రెండూ ఒకేసారి కనబడి ఒకటే అనిపిస్తాయి. 10 కిలోహెర్ట్జ్ ఆర్‌బీడబ్ల్యూతో చూస్తే వెంట్రుక లాంటి క్యారియర్ (సందేశాన్ని మోసే అసలు తరంగం) కూడా పది కిలోహెర్ట్జ్ కొండలాగే కనిపిస్తుంది.

నేను కళ్లారా చూసింది చెబుతాను. మేడ మీద యాంటెన్నాతో 837ను 10 కిలోహెర్ట్జ్ ఆర్‌బీడబ్ల్యూలో చూస్తే ఒకే మొద్దు కొండ. 300 హెర్ట్జ్ చేశాను. కొండ కరిగిపోయి మధ్యలో ఒక సూది నిలబడింది, దానికి రెండు పక్కలా గడ్డి పరకల్లా సైడ్‌బ్యాండ్లు (మాట వల్ల క్యారియర్ పక్కన పుట్టే ఫ్రీక్వెన్సీలు) ఊగుతున్నాయి. అప్పుడు వార్తలు వస్తున్నాయి. చదివే ఆవిడ ఊపిరి తీసుకున్న ప్రతిసారీ రెండు పక్కలా గడ్డి ఒక్కసారిగా అణిగిపోయేది, సూది మాత్రం అలాగే ఉండేది. మళ్లీ మాట మొదలవగానే రెండు వైపులా అద్దంలో చూసినట్లు ఒకే తీరున లేచేది. క్యారియర్, సైడ్‌బ్యాండ్ అని పరీక్షల కోసం బట్టీ పట్టిన మాటలకు ఆ సాయంత్రం ప్రాణం వచ్చింది.

బ్రాడీపేట_కాయిల్
వర్ణన బాగుంది. అయితే ఆర్‌బీడబ్ల్యూ అన్నింటికంటే చిన్నది పెట్టుకుని కూర్చుంటే సరిపోతుంది కదా. ఇన్ని మీటలెందుకు?

అరండల్‌పేట_ల్యాబ్
కుదరదు. గుణదల వారి కిటికీనే తీసుకోండి. కిటికీ సన్నగా ఉండి రైలు వేగంగా పోతే గర్డరు కంటికి ఆనదు. సన్నని ఫిల్టర్ నిండడానికి సమయం పడుతుంది. స్వీప్ సమయం సుమారుగా స్పాన్‌ను ఆర్‌బీడబ్ల్యూ వర్గంతో భాగించి రెండున్నరతో గుణించినంత కావాలి. 200 మెగాహెర్ట్జ్ స్పాన్‌కు 100 కిలోహెర్ట్జ్ ఆర్‌బీడబ్ల్యూ అయితే సెకనులో ఇరవయ్యో వంతు చాలు. 3 కిలోహెర్ట్జ్ చేస్తే 55 సెకన్లు. 1 కిలోహెర్ట్జ్ చేస్తే 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల పైమాట. తొందరపెడితే శిఖరం ఎత్తు తగ్గుతుంది, పైగా స్వీప్ పోయే దిక్కుకు జరుగుతుంది. అప్పుడు ఫ్రీక్వెన్సీ నిజంగానే తప్పు చదువుతాం. అనలైజర్ తెర మూలన క్యాలిబ్రేషన్ లేదన్న హెచ్చరిక పెడితే చాలాసార్లు అర్థం ఇదే.

లాభం కూడా చెప్పాలి. ఆర్‌బీడబ్ల్యూ పదో వంతుకు తగ్గితే నాయిస్ ఫ్లోర్ (తెర అడుగున ఎప్పుడూ ఉండే రొద) 10 డెసిబెల్ దిగుతుంది. బలహీనమైన సిగ్నల్ వెతికేటప్పుడు ఓపిక పట్టేది అందుకే.

తెనాలి_ఎఫ్ఎఫ్‌టీ
మీరందరూ స్వీప్ దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడు చాలా పరికరాలు అలా తుడవవు. ఐ.ఎఫ్.ను నమూనాలుగా మార్చి ఎఫ్ఎఫ్‌టీ (నమూనాల్లోంచి ఫ్రీక్వెన్సీలను విడదీసే లెక్క) చేస్తాయి, వందల ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి ఒకేసారి చూసినట్లు. నా దగ్గర ఉన్న చిన్న ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) పుల్ల సెకనుకు 24 లక్షల నమూనాలు తీస్తుంది. 1024 నమూనాల ఎఫ్ఎఫ్‌టీ చేస్తే ఒక్కో బిన్ (ఫ్రీక్వెన్సీ గడి) 2344 హెర్ట్జ్, 65536 చేస్తే 36.6 హెర్ట్జ్. అన్ని నమూనాలు పోగవడానికి 27 మిల్లీసెకన్లు చాలు. అంత సన్నగా చూడడానికి స్వీప్‌తో ఎంతసేపు పడుతుందో మీరే లెక్కవేసుకోండి.

వీయూ3_కృష్ణాతీరం
తెనాలి గారూ, వేగం విషయంలో మీతో వాదం లేదు. కానీ మీ పుల్ల ముందు కూడా మిక్సర్, ఆసిలేటర్ ఉన్నాయి. అవి 433ను కిందికి దింపితేనే మీ నమూనాలు. అది చూసే మేర 2.4 మెగాహెర్ట్జ్ లోపే. 200 మెగాహెర్ట్జ్ చూడాలంటే మళ్లీ అడుగులు వేసుకుంటూ పోవాల్సిందే. మీ బిన్ కూడా మా పాయింటు లాంటిదే, సిగ్నల్ రెండు బిన్ల మధ్య పడితే ఏం చేస్తారు?

తెనాలి_ఎఫ్ఎఫ్‌టీ
అందుకే విండో (నమూనాల వరస చివరలను మెల్లగా తగ్గించే లెక్క) వాడతాం. విండో లేకుండా చేస్తే సరిగ్గా మధ్యలో పడిన సిగ్నల్ ఎత్తు దాదాపు 3.9 డెసిబెల్ తక్కువ కనిపిస్తుంది, హాన్ విండోతో ఆ నష్టం 1.4. ఫ్లాట్‌టాప్‌తో ఇంచుమించు ఏమీ ఉండదు, కానీ శిఖరం మొద్దుబారుతుంది. బలం కొలవాలంటే ఫ్లాట్‌టాప్, ఫ్రీక్వెన్సీ విడదీయాలంటే హాన్. హాన్ వాడి శిఖరం మీది మూడు బిన్ల ఎత్తుల మీదుగా ఒక వంపు గీస్తే అసలు శిఖరం బిన్ల మధ్య ఎక్కడుందో కూడా పట్టుకోవచ్చు. ఒక్కటే సిగ్నల్ ఉండి, నాయిస్ కంటే బాగా పైన ఉంటేనే అది సాధ్యం. రెండు సిగ్నళ్లను విడదీయాలంటే మాత్రం ఎంతసేపు విన్నామన్నదే హద్దు. సెకనులో వందో వంతు వింటే వంద హెర్ట్జ్ కంటే దగ్గరగా ఉన్నవి విడిపోవు. ఇది మీ స్వీప్‌కూ, మా ఎఫ్ఎఫ్‌టీకీ ఒకటే, ఒప్పుకుంటాను.

పాతరేడియో
చూశారా, తెనాలి వారు చుట్టూ తిరిగి మా వీధికే వచ్చారు. రండి, టీ తాగుదాం.

బ్రాడీపేట_కాయిల్
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. కౌంటర్ సెకనుపాటు గేటు తెరిస్తే ఒక్క హెర్ట్జ్ వరకు చెబుతుంది. ఇంత రామాయణం దేనికి?

అరండల్‌పేట_ల్యాబ్
పట్టించుకోకేం కాయిల్ గారూ. ఎడతెగని, బలమైన, ఒక్కటే సిగ్నల్ ఉన్నప్పుడు కౌంటర్‌ను మించినది లేదు. ఈ రిమోటు అలాంటిది కాదు. మీట నొక్కినప్పుడు అది కోడ్ ప్రకారం క్యారియర్‌ను వేస్తూ ఆపుతూ ఉంటుంది. కౌంటర్ గేటు తెరిచి ఉన్న సమయంలో సగం నిశ్శబ్దమే. తరంగాలు సగమే లెక్కకొస్తాయి, అంకె ఎక్కడో పడుతుంది. పక్కింటి గేటు రిమోటు నొక్కినా దాన్నీ కలిపేస్తుంది. మంచి అనలైజర్లలో మార్కర్ కౌంటర్ అని ఉంటుంది, ఫిల్టర్ ఒక్క సిగ్నల్‌ను వేరు చేశాక ఐ.ఎఫ్.లో తరంగాలను లెక్కపెడుతుంది. మీ పద్ధతీ పాతరేడియో గారి పద్ధతీ అక్కడ కలిశాయి. అయితే దానికీ క్యారియర్ ఆగకుండా ఉండాలి.

గవర్నర్‌పేట వారూ, స్వీప్ వెళ్తున్నప్పుడు రిమోటు ఆగి ఉన్న క్షణంలో ఆ పాయింటు దగ్గర ఖాళీ వస్తుంది. మీ కొండ దువ్వెన పళ్లలా కనిపించి ఉండాలి. అవునా?

గవర్నర్‌పేట_బెంచి
అవును! సరిగ్గా దువ్వెనే. పాడైన కేబులేమో అని రెండుసార్లు మార్చాను.

అరండల్‌పేట_ల్యాబ్
కేబులు బాగానే ఉంది. మ్యాక్స్ హోల్డ్ (ప్రతి పాయింటు దగ్గర వచ్చిన అత్యధిక ఎత్తును నిలిపి ఉంచేది) పెట్టి, స్పాన్ 200 కిలోహెర్ట్జ్, ఆర్‌బీడబ్ల్యూ 3 కిలోహెర్ట్జ్ చేసి, అర నిమిషం రిమోటు నొక్కి పట్టుకోండి. ఖాళీలు పూడిపోతాయి. అడుగు అర కిలోహెర్ట్జ్ అవుతుంది. ఎన్ని రిమోట్లు ఉంటే అన్నీ కొలవండి.

వీయూ3_కృష్ణాతీరం
కొలిచే ముందు ఒక హెచ్చరిక, తర్వాత చదివేవారి కోసం కూడా. రిమోటు బలం మిల్లీవాట్లలో ఉంటుంది కాబట్టి భయం లేదు. చేతిలో పట్టుకునే 5 వాట్ల వాకీటాకీని మాత్రం ఎప్పుడూ నేరుగా తగిలించకండి. అది 37 డీబీఎమ్ (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే బలం). ల్యాబుల్లో ఉండే చాలా అనలైజర్ల హద్దు 30, చిన్నవాటిది ఇంకా తక్కువ. బలం తగ్గించే 30 డెసిబెల్ అటెన్యుయేటర్ వేస్తే 7కు దిగుతుంది. అటెన్యుయేటర్ 5 వాట్లు తట్టుకునేదై ఉండాలి. నా స్నేహితుడి పరికరం ముందు మిక్సర్ ఒక్క నొక్కుతో పోయింది. ఆ మొహం నేను మరచిపోలేను.

తెనాలి_ఎఫ్ఎఫ్‌టీ
రిఫరెన్సు సంగతి కూడా చూడాలి. స్పాన్ ఎంత తగ్గించినా లోపలి క్రిస్టల్ తప్పైతే అన్నీ తప్పే. అది 1 పీపీఎమ్ (పది లక్షల్లో ఒక వంతు) తప్పితే 433 మెగాహెర్ట్జ్ దగ్గర 433 హెర్ట్జ్ తేడా వస్తుంది.

గుణదల_మేడమీద
సరిచూడడానికి 837 ఉంది కదా. ఆకాశవాణి క్యారియర్ కంటే నమ్మకమైనది మన ఊళ్లో ఏముంది?

తెనాలి_ఎఫ్ఎఫ్‌టీ
నమ్మకమే, కానీ చాలా కింద ఉంది. 837 కిలోహెర్ట్జ్ దగ్గర 1 పీపీఎమ్ అంటే ఒక్క హెర్ట్జ్ కూడా కాదు. అంత చిన్న తేడా మీ తెర మీద కనిపించదు. సరిచూసే సిగ్నల్ ఎంత పైన ఉంటే తప్పు అంత పెద్దగా బయటపడుతుంది. నేను 2జీ సెల్ టవర్లను వాడతాను. జీఎస్ఎమ్ ప్రమాణం ప్రకారం టవర్ ఫ్రీక్వెన్సీ 0.05 పీపీఎమ్ లోపల ఉండాలి. 940 మెగాహెర్ట్జ్ దగ్గర అది 47 హెర్ట్జ్. నా పుల్ల 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను దానితోనే సరిచేసుకున్నాను. ఎఫ్ఎమ్ స్టేషన్లను మాత్రం వాడకండి. 102.2 మీద పాట వస్తున్నంతసేపు క్యారియర్ 75 కిలోహెర్ట్జ్ దాకా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

గుణదల_మేడమీద
ఇది నాకు కొత్త సంగతి. ఒప్పుకున్నాను.

అరండల్‌పేట_ల్యాబ్
మన కేసులో అంత దూరం వెళ్లనక్కర్లేదు. 433.92 నుంచి 433.87 అంటే 115 పీపీఎమ్ తేడా. నాసిరకం క్రిస్టల్ 20 పీపీఎమ్ తప్పినా 9 కిలోహెర్ట్జ్ లోపే. ఈ తప్పు అనలైజర్‌ది అయ్యే అవకాశం లేదు.

గవర్నర్‌పేట_బెంచి
కొలిచాను. మ్యాక్స్ హోల్డ్‌తో దువ్వెన పోయి చక్కటి కొండ వచ్చింది. రైతు దగ్గర నుంచి తెచ్చిన రిమోటు 433.871. షాపులో ఉన్న కొత్త రిమోట్లు ఒకటి 433.938, ఇంకొకటి 433.902. ఒక్కటీ 433.920 లేదు!

మరో భయం. 867.74 దగ్గర కూడా ఒక చిన్న కొండ కనిపిస్తోంది. రిమోటు అక్కడ కూడా ప్రసారం చేస్తోందా?

వీయూ3_కృష్ణాతీరం
433.871ని రెండుతో గుణించండి. రెండో హార్మోనిక్. రిమోటు నుంచే వస్తోందా, అనలైజర్ మిక్సర్ బరువెక్కి పుట్టిస్తోందా అన్నది తేల్చడానికి లోపలి అటెన్యుయేషన్ 10 డెసిబెల్ పెంచండి. కొండ ఎత్తు మారకపోతే రిమోటుది. తగ్గితే అనలైజర్‌లో పుట్టింది.

గవర్నర్‌పేట_బెంచి
10 పెంచితే దాదాపు 10 పడిపోయింది. అంటే రిమోటుది కాదు. హమ్మయ్య.

అరండల్‌పేట_ల్యాబ్
ఇప్పుడు అసలు ప్రశ్న. ట్రాన్స్‌మిటర్‌లో ఫ్రీక్వెన్సీని నిలబెట్టేది క్రిస్టలా, గుండ్రటి రేకు డబ్బాలాంటి సా (ఎస్ఏడబ్ల్యూ, ఉపరితల ధ్వని తరంగాలతో పనిచేసే) రెజొనేటరా? నిరుటికీ ఇప్పటికీ రిసీవర్ మార్చారా?

గవర్నర్‌పేట_బెంచి
గుండ్రటి రేకు డబ్బానే, మూడు కాళ్లది. రిసీవర్ మార్చాను. నిరుడు వాడింది చవక సూపర్ రీజెనరేటివ్ బోర్డు. దూరం ఇంకా పెరగాలని ఈసారి క్రిస్టల్ ఉన్న చిప్పు రిసీవర్ వేశాను. ఛానల్ ఫిల్టర్ అన్నింటికంటే సన్నగా, 58 కిలోహెర్ట్జ్ పెట్టాను, నాయిస్ తక్కువ వస్తుందని.

అరండల్‌పేట_ల్యాబ్
దొరికింది. సా రెజొనేటర్లు సాధారణంగా 75 కిలోహెర్ట్జ్ అటో ఇటో ఉండొచ్చన్న పరిమితితోనే అమ్ముతారు. మీ మూడు రిమోట్లూ ఆ పరిమితిలోనే ఉన్నాయి, ఏదీ పాడైంది కాదు. కానీ మీ కొత్త రిసీవర్ తలుపు 433.920కి 29 కిలోహెర్ట్జ్ ఇటు, 29 అటు మాత్రమే తెరిచి ఉంది. రైతు రిమోటు 49 కిలోహెర్ట్జ్ కింద ఉంది, అంటే తలుపు బయట నిలబడి పిలుస్తోంది. గట్టు మీద నుంచి గట్టిగా పిలిస్తే గోడలోంచి వినిపిస్తోంది, రోడ్డు మీద నుంచి వినిపించడం లేదు. నిరుటి రిసీవర్‌కు తలుపు మెగాహెర్ట్జ్‌ల వెడల్పు ఉండేది కాబట్టి ఎవరు ఎక్కడ నిలబడినా వినిపించింది.

పాతరేడియో
ఐ.ఎఫ్. కాయిలు సూదిలా ట్యూన్ చేసి, స్టేషను పక్కకు జరిగిందని బాధపడే సెట్లు ఎన్ని బాగుచేశానో. ఇదీ అదే రోగం.

తెనాలి_ఎఫ్ఎఫ్‌టీ
ఫిల్టర్‌ను 203 కిలోహెర్ట్జ్ చేయండి. అటూ ఇటూ 101 వస్తుంది. రెజొనేటర్ 75, రిసీవర్ క్రిస్టల్ 20 పీపీఎమ్‌తో 9, మొత్తం 84. ఎండకు జారే కొన్ని కిలోహెర్ట్జ్‌లకూ చోటు మిగులుతుంది.

వీయూ3_కృష్ణాతీరం
ఊరికే రాదు అది. 58 నుంచి 203కు పోతే నాయిస్ 5.4 డెసిబెల్ పెరుగుతుంది. బహిరంగ ప్రదేశంలో 6 డెసిబెల్ అంటే దూరం సగం. రైతు ఇచ్చిన డబ్బుకు పూర్తి దూరం రావాలంటే ట్రాన్స్‌మిటర్‌లో కూడా క్రిస్టల్ పెట్టాలి, తలుపు సన్నగానే ఉంచాలి.

తెనాలి_ఎఫ్ఎఫ్‌టీ
ఇప్పటికే పొలంలో ఉన్నవాటికి కొత్త ట్రాన్స్‌మిటర్లు ఎవరిస్తారు? ముందు రైతు మోటారు ఆన్ కావాలి. రిసీవర్ చిప్పు రిజిస్టర్‌లో ఒక్క అంకె మార్చితే అయిపోతుంది.

గవర్నర్‌పేట_బెంచి
ఇద్దరి మాటా తీసుకున్నాను. ఇచ్చిన సెట్లకు ఫిల్టర్ 203 చేస్తాను, ఇకమీద కట్టేవాటికి క్రిస్టల్ ట్రాన్స్‌మిటర్.

గవర్నర్‌పేట_బెంచి
ఈరోజు పొలానికి వెళ్లొచ్చాను. ఫిల్టర్ మార్చి రోడ్డు మీద, చింతచెట్టు కింద నిలబడి రైతు చేతే నొక్కించాను. మొదటి నొక్కుకే మోటారు పట్టింది, కాలువలో నీళ్లు కదిలాయి. ఆయన నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు వేశాడు. తిరిగి వస్తుంటే ఎండలో జీపు బానెట్ మీద పెట్టిన రిమోటును చూసి తెనాలి గారి మాట గుర్తొచ్చింది. ఎంత జారుతుందో కొలవాలని ఉంది. అనలైజర్ మాత్రం రేపు తిరిగి ఇచ్చేయాలి.

అరండల్‌పేట_ల్యాబ్
శనివారం మధ్యాహ్నం రెండు దాటాక గుంటూరు రండి, మా ల్యాబు ఖాళీగా ఉంటుంది. రిమోట్లు మూడూ తీసుకురండి.

మూడో_ఏడు_ఈసీఈ
మేడమ్, నేనూ రావచ్చా? థర్మామీటర్ నేను తెస్తాను.

గవర్నర్‌పేట_బెంచి
రా తమ్ముడూ. రెండు అయ్యేలోపు రిమోట్లను మేడ మీద ఎండబెట్టి ఉంచుదాం.